పది గంటల అపాయింట్‌మెంట్‌కి తొమ్మిదీ ఐదుకే చెప్పులు

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు కనబడే మెదడు తీరు) ఉన్నవాళ్లకి ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: "కాస్త ముందు బయల్దేరొచ్చు కదా." ఆ సంగతి వాళ్లకి తెలియక కాదు. తెలిసిన సంగతి లేవాల్సిన నిమిషానికి గుర్తుకు రాదు. గుర్తొచ్చినా కాలు కదలదు. చిక్కంతా అక్కడే. అందుకే ఎంత హితబోధ చేసినా దండగ. పని జరగాల్సిన చోట, జరగాల్సిన వేళకి, కంటికి కనబడేలా ఏదో ఒకటి ఉంటే మాత్రం తేడా తెలుస్తుంది.

అసలు ఇది ఏడీహెచ్‌డీయేనా అన్నది ముందు తేలాలి. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే 2013 నాటి డీఎస్‌ఎం-5 పుస్తకంలో దీనికి తొమ్మిదేసి లక్షణాలతో రెండు జాబితాలున్నాయి: ధ్యాస నిలవకపోవడానికి ఒకటి, కుదురులేనితనం, తొందరపాటులకి ఇంకోటి. పిల్లలకైతే ఏదో ఒక జాబితాలో కనీసం 6, పదిహేడేళ్లు నిండినవాళ్లకి 5 ఉండాలి. ఆరు నెలలకి తగ్గకుండా, ఇల్లు, బడి, ఆఫీసు లాంటివాటిలో ఒకటికి మించిన చోట్ల కనబడాలి. కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ముప్పై ఐదేళ్లకి కొత్తగా ఏకాగ్రత తప్పిందంటే ముందు నిద్ర, థైరాయిడ్, డిప్రెషన్ సంగతి చూడమనాలి. రీల్స్ చూసి తేల్చుకునే వ్యవహారం కాదిది.

ఇక టైము. "ఇంకా గంట ఉంది" అనుకున్న గంట ఎటు పోయిందో తెలియదు. దీనికి పనికొచ్చేది వెనక నుంచి లెక్కేసుకోవడం. అపాయింట్‌మెంట్ పదింటికి. లిఫ్టు, కౌంటరు దగ్గర వరస కలిపి 10 నిమిషాలు. ప్రయాణం 35. తాళాలు వెతకడం, చెప్పులు, తలుపు వేయడం ఇంకో 10. అంటే 9:05కి చెప్పుల దగ్గర ఉండాలి. చాలామంది లెక్కలో ఉండేది ప్రయాణం ఒక్కటే, అందుకే రోజూ ఆ ఇరవై నిమిషాలే ఆలస్యం. అలారాలు మూడు: 8:55కి "ల్యాప్‌టాప్ మూసెయ్", 9:05కి "చెప్పులు", 9:15కి "తలుపు దాటు". అలారానికి పేరుగా "డాక్టర్" అని పెట్టుకుంటే లాభం లేదు, చేయాల్సిన పని రాయాలి. మొదటి అలారమే అన్నిటికన్నా ముఖ్యం. మునిగిపోయిన పనిలోంచి బయటపడటానికి ఆ పది నిమిషాలూ కావాలి. ఫోను చేతికందితే అలవాటుగా ఆపేస్తారు కాబట్టి దాన్ని లేచి వెళ్లాల్సినంత దూరంలో పెట్టాలి.

పని మొదలవకపోవడం ఇంకో బాధ. బయటివాళ్లు దీన్ని బద్ధకం అంటారు. బద్ధకమైతే హాయిగా ఉండాలి, ఇక్కడ మనిషి కుర్చీలో కూర్చుని లోపల ఉడికిపోతుంటాడు. "రిపోర్టు రాయాలి" అన్నది పని కాదు, పనుల కుప్ప. అందులోంచి రెండు నిమిషాల్లో అయ్యేది ఒకటి తీసుకోవాలి: ఫైలు తెరిచి, పేరు పెట్టి, హెడ్డింగ్ టైపు చేయడం. ముందురోజు రాత్రే ఆ ఫైలు తెరిచి వదిలేస్తే పొద్దున్న సగం గండం గట్టెక్కినట్టే. పక్కన ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ కూర్చున్నా చాలామందికి చేయి కదులుతుంది. వీడియో కాల్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నా సరే. ఆ మనిషి ఏం సాయం చేయనక్కర్లేదు, "ఎంతవరకు వచ్చింది?" అని అడక్కపోతే మరీ మంచిది.

ఏ పద్ధతైనా కొన్నాళ్లకి చప్పబడుతుంది. గోడమీద అంటించిన చీటీ గోడలో కలిసిపోతుంది, కొత్త యాప్ పాతబడుతుంది. ఇది ఓటమి కింద లెక్క కాదు. చీటీ రంగు, చోటు, అలారం శబ్దం మార్చాలి, అంతే. రోజు జాబితాలో మూడు పనులకి మించి రాయొద్దు. ముప్పై రాస్తే ఆ కాగితం వైపు చూడబుద్ధే కాదు.

మందుల జోలికి వెళ్లొద్దనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు, కానీ మాత్ర ఏం చేస్తుందో తెలుసుకుని వేసుకోవాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర పనిచేసేది మూడు నాలుగు గంటలు. ఆకలి చంపేస్తుంది, అందుకే టిఫిన్ ముందే తినేయడం మేలు. పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర పట్టదు. బీపీ, నాడి అప్పుడప్పుడు చూపించుకోవాలి. అటొమోక్సెటిన్ అనే ఇంకో మందుకైతే పూర్తి ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే "పనిచేయట్లేదు" అని ఆపేయకూడదు. మాత్ర ధ్యాస కుదురుస్తుంది గానీ దేనిమీదో చెప్పదు. అది పట్టేసరికి చేతిలో ఫోనుంటే మూడు గంటలూ ఫోనుమీదే కుదురుగా గడిచిపోతాయి. కాబట్టి మాత్ర వేసుకునే ముందే చేయాల్సిన ఫైలు తెరిచి ఉంచాలి. మందు దిగే వేళ కొందరికి ఊరికే చిరాకొస్తుంది. ఇంట్లోవాళ్లకి ఆ వేళ చెప్పి ఉంచితే, బిల్లు కట్టావా లేదా అన్న పంచాయితీ ఇంకో గంట ఆగి పెట్టుకుంటారు.