గట్టునాడు కట్టడానికి నాకు పట్టిన పదకొండు నెలలు

మాది పర్లాకిమిడి. మ్యాప్‌లో ఒడిశా, గజపతి జిల్లా, ఇంట్లో మాత్రం తెలుగే, బజార్లో ఒడియా, పాతపట్నం వైపు కాస్త దూరం వెళ్తే ఆంధ్రా. ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద గదిలో ఐదుగురం కూర్చుని పాచికలతో రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతాం, ఒకడు కథ నడుపుతాడు, మిగతా నలుగురూ ఆ కథలో మనుషులుగా ఉంటారు. కిందటేడు కథ నడిపే వంతు నాకొచ్చింది, నాకెప్పట్నుంచో ఒక కోరిక, కొండల లోపల బతికే పొట్టి మనుషుల దేశం ఒకటి మన తెలుగులో, పునాది దగ్గర్నుంచి కట్టాలని. ఎవరైనా ఇలాంటిది మొదలుపెడుతుంటే పనికొస్తుందని నేను ఎక్కడెక్కడ ఆగిపోయానో, ఎలా బయటపడ్డానో రాస్తున్నాను.

మొదటి నెల అంతా బొమ్మలే గీశాను. గడ్డాలు, గొడ్డళ్ళు, బంగారు గనులు, పెద్ద సింహాసనం. రాజవంశం పన్నెండు తరాలు రాశాను. మొదటి ఆటలో అరగంట కూడా గడవకుండానే, బ్యాంకులో పనిచేసే మా ఫ్రెండ్ అడిగాడు, "అంతా బానే ఉంది గానీ ఈళ్ళు ఏటి తింతారు? కొండ లోపల ఎండ లేదు కదా". నా దగ్గర సమాధానం లేదు. ఇంకొకరు టీచర్, ఆవిడ అడిగింది, లోపల ఇన్ని కొలుములు మండుతుంటే ఆ పొగంతా ఎటు పోతోంది అని. దానికీ లేదు. ఆ రోజు ఆట మధ్యలో ఆపేశాం, వాళ్ళు బాధపెట్టాలని అడగలేదు, నిజంగా ఆ దేశంలోకి వెళ్దామనుకునే అడిగారు, అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

రాజుల కాగితాలన్నీ పక్కన పెట్టేసి చదవడం మొదలుపెట్టాను. పొట్టి మనుషులు, లోహం, కొండ, ఈ మూడూ కలిసి రావడం చాలా పాతది. ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిపెట్టిన నార్స్ (ఉత్తర యూరప్ వాళ్ళ పాత) కథల్లో థోర్ అనే దేవుడి సుత్తి చేసింది పొట్టి కంసాలులే, ఆకాశాన్ని నాలుగు మూలలా మోసేదీ నలుగురు పొట్టివాళ్ళే, వాళ్ళ పేర్లు కూడా ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అనే. అది చదివినప్పుడు మన అష్టదిగ్గజాలు గుర్తొచ్చాయి. మన దగ్గరా ఉన్నారు, సాంచి స్తూపం పడమటి తోరణం మీద రాతి దూలాల్ని మోసేది పొట్ట ముందుకొచ్చిన పొట్టి యక్షులే. మహారాష్ట్రలో పితల్‌ఖోరా గుహల దగ్గర దొరికిన పొట్టి యక్షుడి విగ్రహం ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది, రెండు చేతులూ తల మీద గిన్నెని మోస్తూ ఉంటాయి, మొహం నిండా నవ్వు, చేతి మీద చిన్న శాసనం, కణహదాసు అనే కంసాలి చేశాడని. రెండువేల ఏళ్ళ పైనాటి బొమ్మ, చేసినవాడి పేరూ, వృత్తీ రెండూ మిగిలాయి. ఆ బొమ్మ ఫోటో ప్రింట్ తీయించి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించుకున్నాను. రాజుల పేర్లు కాదు, పని చేసినవాళ్ళ పేర్లు ఉండే దేశం కట్టాలని అప్పుడే అనుకున్నాను.

వాళ్ళని ఏమని పిలవాలి అన్నది తర్వాతి చిక్కు. మరుగుజ్జు అనే మాట నాకు ఇష్టం లేదు. మా వీధిలో ఒకాయన ఎత్తు తక్కువ, పిల్లలు ఆ మాటతో పిలిచినప్పుడు ఆయన మొహం ఎలా అవుతుందో చిన్నప్పట్నుంచి చూస్తున్నాను, ఆ మాట ఆటలో వంద సార్లు నా నోటి నుంచి రాకూడదు. చాలా తిప్పలు పడి గట్టువారు అని పెట్టాను, దేశం గట్టునాడు. గట్టు అంటే కొండ, గట్టి అన్న మాట కూడా పక్కనే వినిపిస్తుంది. వాళ్ళ ఇళ్ళని గుహలు అనకుండా లోగిళ్ళు అన్నాను, అంతే, ఆ ఒక్క మాటతో రాతి లోపల అరుగులూ, తులసికోట లాంటి దీపపు దిమ్మలూ, ముసలమ్మలూ అందరూ వచ్చి కూర్చున్నారు.

ఇక తిండి. మా మామ్మ వాళ్ళ ఊళ్ళో ధాన్యం పాతరలు ఉండేవి, నేలలో గొయ్యి తీసి గడ్డి పరిచి ధాన్యం పోసి మూసేవాళ్ళు. చోళ్ళయితే (రాగుల్ని మా వైపు చోళ్ళనే అంటాం) పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి ఉంటాయి. కాబట్టి గట్టువారు కొండ పైన మెట్టచేలల్లో చోళ్ళు, సామలు పండిస్తారు, కొండ లోపల పాతరల్లో దాస్తారు, పొద్దున్నే అంబలి. ఇనుము సంగతికొస్తే, అది కరగడానికి 1538 డిగ్రీలు కావాలి, పాత మట్టి కొలుముల్లో అంత వేడి రాదు, కరగకుండానే స్పంజి లాంటి ముద్దగా వస్తుంది, దాన్ని ఎర్రగా ఉండగానే కొట్టి కొట్టి చిట్టెం, అంటే లోపలి మడ్డి, వదిలించాలి. దీనికి ఇనుము బరువుకి ఎన్నో రెట్ల బొగ్గు కావాలి, బొగ్గు అంటే అడవి. ఇది తెలిశాక రాజకీయం దానంతట అదే వచ్చేసింది. అడవి కింద పల్లం వాళ్ళది, ఇనుము గట్టువారిది, గట్టువారు నాగలి కర్రులిస్తే పల్లం వాళ్ళు బొగ్గిస్తారు, లెక్క కోసం ఒక వెదురు బద్ద మీద గంట్లు పెట్టి నిలువునా చీల్చి చెరి సగం దాచుకుంటారు, అప్పు తీరిన రోజు రెండు ముక్కలూ కలిపి చూసి పొయ్యిలో పెడతారు. నేను ముందు రాసిన పన్నెండు తరాల యుద్ధాల కంటే ఈ వెదురు బద్ద మీదే మా వాళ్ళు ఎక్కువ సేపు ఆడారు.

గాలి గురించి చదివింది నాకు అన్నిటికంటే నచ్చింది. గనికి రెండు నోళ్ళు ఉండాలి, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో, ఎత్తు బిలం అడుగున నిప్పు పెడితే వేడిగాలి పైకి లేస్తుంది, దాని వెనకే కింది నోటి నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది, యూరప్ గనుల్లో నిజంగా ఇలాగే చేసేవాళ్ళు. అంటే ఆ నిప్పు ఆరిపోతే కింద ఉన్నవాళ్ళకి ఊపిరి ఉండదు. అందుకే గట్టునాడులో అందరికంటే పెద్ద గౌరవం రాజుకి కాదు, కమ్మరికీ కాదు, ఆ నిప్పు కాచే గాలివారికి. రాత్రిపూట నిప్పు దగ్గర కూర్చునే ముసలావిడని గాలమ్మ అంటారు, పెళ్ళయినా, చావయినా, తగువయినా ముందు ఆవిడకి చెప్పి రావాలి. తగువు తీర్చేటప్పుడు దీపంలో కొలిచి నూనె పోస్తారు, అది అయిపోయేదాకా ఒకళ్ళే మాట్లాడాలి, ఇంకొకళ్ళు వినాలి, తర్వాత అంతే నూనె రెండోవాళ్ళకి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నేను చేసిన తప్పు చెప్పాలి.

లోగిళ్ళ గోడలు బోసిగా ఉన్నాయని మా చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల ఇళ్ళల్లో ఉండే ఇడితాల్ బొమ్మల్లాంటివి గీసి పెట్టాను, ఎర్రమట్టి మీద తెల్లటి మనుషులు, చెట్లు, గుర్రాలు. చూడ్డానికి చాలా బాగా వచ్చాయి. మా ఐదుగురిలో ఒకడు సెరంగో వైపు సవర కుర్రాడు, వాళ్ళు సోరా అనే చెప్పుకుంటారు, నాతోపాటు కాలేజీలో చదివాడు. నోట్‌బుక్ చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "ఇది గోడ అందం కోసం గీసేది కాదురా. చనిపోయినోళ్ళనీ దేవతలనీ పిలిచి కూర్చోబెట్టే చోటు. అయినా కొండల్లో ఉంటామని మమ్మల్నే పొట్టోళ్ళని చేసేస్తావా?" నేను అలా అనుకోలేదని చెప్పాను, కానీ వాడికి అలా కనిపించింది అంటే అలా చేసినట్టే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, వాళ్ళతో కూర్చుని, 1931లో ఆ భాషకి మాన్యువల్ అచ్చు వేయించారు, అంత ఓపిగ్గా విన్న మనిషి తిరిగిన వీధుల్లో ఉంటూ నేను పక్కవాళ్ళ గోడని అడగకుండా ఎత్తుకొచ్చేశాను. ఆ పేజీలు చింపేసి వాడి ముందే పొయ్యిలో వేశాను.

వాడే తర్వాత నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా పొలాలు, ఒక్కో మెట్టుకీ రాతి గోడ, సిమెంటు లేదు, సున్నం లేదు. వాళ్ళ బాబాయ్ వానకి జారిపోయిన ఒక గోడ మళ్ళీ కడుతున్నాడు, నేనూ రాళ్ళు అందించాను. గోడ నిట్టనిలువుగా ఉండదు, కొండ వైపుకి కొంచెం వాలి ఉంటుంది, పొడుగు రాళ్ళని అడ్డంగా కాదు, గోడ లోపలికి దూరేలా పెడతారు, వెనక సందుల్లో చిన్న రాళ్ళు కుక్కుతారు, నీళ్ళు అడుగు నుంచి జారిపోతాయి. నేను పెట్టిన ఒక రాయిని ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు, కదిలింది, తీసి తిప్పి పెట్టాడు, ఇంక కదల్లేదు. ఇది నా కథలో వాడుకోవచ్చా బాబాయ్ అని అడిగాను. రాయి పెట్టడమా, వాడుకో, అన్నాడు.

అక్కడ్నుంచి వచ్చాక గట్టువారి వరసలు రాశాను. వాళ్ళకి రక్త సంబంధం కంటే పని నేర్పిన చెయ్యి ముఖ్యం. నీ చెయ్యి పట్టుకుని మొదటి దెబ్బ కొట్టించినావిడ నీకు చెయ్యమ్మ, ఆయనైతే చెయ్యయ్య. ఒకే చెయ్యమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. అందుకని ప్రేమించుకున్న ఇద్దరిలో ఒకరు కావాలనే వేరే పని నేర్చుకుంటారు, కమ్మరి కొడుకు పాతర లోగిలికి ఎందుకెళ్ళాడు అంటే ఊరందరికీ అర్థమైపోతుంది. భాష కూడా మార్చాను, ముందు వాళ్ళ చేత గ్రాంథికం మాట్లాడించాను, ఎవరికీ నోరు తిరగలేదు. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు వారి ఊళ్ళో అదేం పని అని టీచర్ గారు గట్టిగానే అన్నారు. ఇప్పుడు గాలమ్మ శ్రీకాకుళం మామ్మలాగే "ఏటి బాబూ, తిన్నావేటి" అంటుంది.

గోడల మీద ఏముండాలో చివరికి దొరికింది. లోపల చీకటి, నూనె ఖరీదు, అందుకని గట్టువారు సొరంగాల్లో గోడని తడుముకుంటూ నడుస్తారు. ఎవరైనా పోయినప్పుడు వాళ్ళ పేరు, వాళ్ళ పని, వాళ్ళ చెయ్యి తగిలే ఎత్తులోనే గోడ మీద చెక్కుతారు. పిల్లలకి దారి అలాగే తెలుస్తుంది, మూడో పేరు దగ్గర కుడికి తిరిగితే పాతర, తాతమ్మ పేరు దాటితే మెట్లు. పొడుగు మనుషుల చేతికి ఆ పేర్లు అందవు, వాళ్ళు దారి తప్పుతారు.

పదకొండో నెలలో మళ్ళీ ఆట పెట్టాను. కుమ్మరి దగ్గర మట్టి తెచ్చి పలక చేసి దాని మీద మేకుతో పన్నెండు పేర్లు చెక్కి ఆరబెట్టి ఉంచాను. కథలో వాళ్ళు సొరంగంలో ఉండగా దీపం ఆరిపోయింది అని చెప్పి గదిలో లైటు తీసేశాను, పలకని మోకాళ్ళ ఎత్తు స్టూలు మీద పెట్టి దారి గోడ మీద ఉంది అన్నాను. చాలాసేపు నిలబడే వెతికారు. ఆఖరికి బ్యాంకు ఫ్రెండే, "ఉండండి, నేను వంగుతున్నాను" అన్నాడు. చీకట్లో వాడి వేళ్ళు మట్టి మీద కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. "గా... ల... గాలమ్మ పోలమ్మ... దీని తర్వాత కుడికి" అని చదివాడు, మిగతావాళ్ళు వాడి భుజం పట్టుకుని వెనకే వంగారు. బయటికొచ్చేసరికి ఇంకో గంట పట్టింది, ఎవరూ లైటు వెయ్యమనలేదు.

లైటు వేశాక టీచర్ గారు పలకని ఒళ్ళో పెట్టుకుని కింద మిగిలిన ఖాళీ చూపించి, "మా మామ్మ పేరు ఇక్కడ చెక్కొచ్చా, చేపలు ఎండబెట్టేది, పని కూడా రాస్తాను" అంది. మేకు ఇచ్చాను. మట్టి అప్పటికే బాగా ఎండిపోయింది, మేకు దిగట్లేదు, మా ఆవిడ కిందకెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ మూల తడిపింది.