తులసిదళం తిరిగి వచ్చింది

పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే కింది వాటాలో ఉండే అమ్మాయి నేనిచ్చిన ‘తులసిదళం’ నవల తెచ్చి చేతిలో పెట్టింది. సగం కూడా చదవలేదట. "పాపను పక్కలో వేసుకుని చదవలేకపోయానక్కా, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు" అంది. బస్సులో కూర్చున్నా ఆ మాటే చెవిలో ఉంది.

యండమూరి వీరేంద్రనాథ్ నవలలో చేతబడి జరిగేది ఒక చిన్నపిల్ల మీద. ఈ అమ్మాయికి మూడేళ్ల కూతురు. ఉత్కంఠగా ఉండేది కావాలనగానే బీరువా తెరిచి, నాకు ఇష్టమైనది తీసి ఇచ్చేశాను. పదో తరగతి సెలవుల్లో ఒక్క రాత్రిలో పూర్తి చేసిన పుస్తకం అది. మర్నాడు వంటింట్లోకి ఒంటరిగా వెళ్లడానికి భయపడ్డాను, ఆ భయం కూడా ఎంతో బాగుండేది. అప్పటికి నాకు బిడ్డ లేదు కదా. ఏం చదవాలనుందో అడిగాను గాని, ఏది చదవడం తనవల్ల కాదో అడగలేదు. తప్పు నాదే.

సాయంత్రం ఆమె కోసం కొమ్మూరి సాంబశివరావు నవల ఒకటి వెతికి తీశాను. అందులోనూ హత్య ఉంది. అయినా డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడన్న ధైర్యం ఒకటి ఉంటుంది. ఆయన, అసిస్టెంట్ రాజు ఒక్కొక్క ఆధారమే పట్టుకుంటూ పోతారు. పిల్లను జోకొడుతూ చదువుకోవచ్చు.

ఆఫీసులో మా పక్క సీటాయన మధుబాబు రాసిన గూఢచారి షాడో నవలలు తప్ప మరొకటి ముట్టరు. ఆయన అభిరుచి మార్చాలన్న ప్రయత్నం ఎప్పుడో మానేశాను. పాత ప్రతి ఒకటి దొరికితే ఇస్తాను, ఆయన ముఖం వెలిగిపోతుంది.

రాత్రి అత్తయ్య ఫోను. కంటి శుక్లాలకు ఆపరేషన్ అయి వారమైంది, ఇంకా పుస్తకం చదవడం కష్టంగా ఉందట. ఏదైనా కొత్త నవల చదివి వినిపిస్తానంటే "యద్దనపూడి ‘సెక్రటరీ’ చదవవే" అంది. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, నెలనెలా ఆ పేజీలు కత్తిరించి దారంతో కుట్టుకుందట. ఇన్నేళ్లూ ఆమెకు కొత్తవి పంపుతూనే ఉన్నాను. ఒక్కదాని గురించి కూడా ఆమె తనంతట తాను మాట్లాడలేదు.

మొదటి పేజీ మొదలుపెట్టాను. నేను తడబడ్డ చోట నాయిక జయంతి మాటలు అత్తయ్యే అందిస్తోంది. అరగంటయ్యాక, నా గొంతు నొప్పి పుట్టేలా ఉంది, ఆపమంటారా అని అడిగాను.

"హీరో రాజశేఖరం వచ్చేదాకా చదువు. మిగతాది రేపు" అంది.