ఎంఎస్ అంటే ఏ యూనివర్సిటీ అని అడిగారు

పోయిన వారం పోస్ట్‌మ్యాన్ ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల ప్లాస్టిక్ వైకల్య గుర్తింపు కార్డు, దాని మీద పసుపు రంగు చార, నా ఫోటో, నా పేరు. పేరులో ఒక అక్షరం తప్పు. సరిచేయించడానికి మళ్ళీ తిరిగే ఓపిక లేదు కాబట్టి ఇకమీద ప్రభుత్వ లెక్కల్లో నా పేరు అదే. ఈ కార్డు కోసం పడ్డ పాట్లు కోపం చల్లారకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను. చల్లారితే నేనూ అందరిలాగే "ఏదోలే, వచ్చింది కదా" అంటాను.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగదు, అందుకని ఎంఎస్ అంటాం. కానీ మన తెలుగు ఇళ్ళల్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. మా పెద్దమ్మ ఫోనులో విని, "ఈ వయసులో ఎంఎస్ ఏమిటే? ఏ యూనివర్సిటీ? పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది. చాలాసేపు నవ్వి, ఆ తర్వాత విషయం చెప్పాను. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను పాడుచేస్తుంది. తీగ మీద తొడుగు ఊడిపోయిన ఇంట్లో కరెంటు ఎలా ఉంటుందో అలా ఉంటుంది నా సంగతి. ఒక రోజు అన్ని దీపాలూ వెలుగుతాయి, ఒక రోజు ఏ గదిలో ఏది ఆగిపోతుందో తెలియదు.

2021 చివర్లో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎర్ర సిరా వెలిసిపోయినట్టు కనిపించింది. పెన్ను మార్చాను. రెండో పెన్నూ అంతే. ఎడమ కన్ను మూస్తే సిరా ఎర్రగా ఉంది, కుడి కన్ను మూస్తే ఇటుక పొడిలా ఉంది. కళ్ళ డాక్టరు హైదరాబాదు పంపారు. ఎంఆర్ఐలో మచ్చలు, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష, సెలైన్‌లో రోజుకో గ్రాము స్టెరాయిడ్ చొప్పున ఐదు రోజులు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది. న్యూరాలజిస్టు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఈ దశలో నాకు బిల్లు మీద తప్ప ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మిగిలిపోయినవి వేరే ఉన్నాయి. హాజరు రిజిస్టరు మీదకు వంగి సంతకం పెట్టినప్పుడల్లా వెన్నులో కరెంటు పాకుతుంది. కొంత దూరం నడిచాక ఎడమ కాలు ఈడుస్తుంది. ఎండలోకి వెళ్తే చూపు మళ్ళీ మసకబారుతుంది. మూత్రం వస్తోందని తెలిసిన నిమిషంలోనే వెళ్ళిపోవాలి. ఉదయం తొమ్మిదింటికి నన్ను చూసినవాళ్ళకు వీటిలో ఒక్కటీ కనిపించదు. నేను కూడా కనిపించనివ్వను. మా స్టాఫ్ రూములో ఇద్దరికి తప్ప ఈ సంగతి తెలియదు.

మన దేశంలో ఎంఎస్ వచ్చినవాళ్ళ కోసం 1985 నుంచి ఒక సొసైటీ ఉందనీ, హైదరాబాదులోనూ దానికి శాఖ ఉందనీ స్టెరాయిడ్ ఎక్కిస్తున్నప్పుడే పక్క మంచం ఆవిడ చెప్పింది. అలా ఒకరి ద్వారా ఒకరం పరిచయమై పదిహేను మందిమి నెలకో ఆదివారం కలుస్తాం. నాకు బస్సులో మూడు గంటల ప్రయాణం. మొదటిసారి ఏడుపుల సభ అనుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి తంబోలా ఆడుతున్నారు. అంకెలు పిలిచే మాస్టారికి మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఆయన అన్నది అరవై ఏడా, డెబ్బై ఏడా అని పెద్ద గొడవ. చివరకు ఇద్దరు గెలిచామన్నారు, ఇద్దరికీ చెరొక సబ్బు ఇచ్చారు.

కుర్చీలో కూర్చుని చేసే యోగా ఉంటుంది, ఫిజియోథెరపీ చదివే అమ్మాయి వచ్చి గోడ పట్టుకుని ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనించి నడిపిస్తుంది, పాటలు ఉంటాయి. కానీ నేను వెళ్ళేది వాటి కోసం కాదు. అక్కడ "నా ఛార్జింగ్ అయిపోయింది" అంటే ఎందుకని ఎవరూ అడగరు, చాప చూపిస్తారు. ఇంజెక్షను బస్సులో తెచ్చుకోవాలంటే ఐసు ముక్కలకు తగలకుండా ఎలా పెట్టుకోవాలో, ఎండాకాలం తడి తువ్వాలు మెడకు ఎలా చుట్టుకోవాలో, ఏ బస్టాండులో మరుగుదొడ్డి వాడుకునేలా ఉంటుందో అక్కడే నేర్చుకున్నాను. ఏ డాక్టరూ చెప్పని చదువు ఇది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మా దగ్గరికి వచ్చిన ఒకతను మందు మానేసి ఆరు నెలలు పసరు తాగాడు. చాలామందిలో ఈ జబ్బు ఉన్నట్టుండి ముదురుతుంది, తనంతట తాను కొంత తగ్గుతుంది, మళ్ళీ ముదురుతుంది. ఆ తగ్గిన రోజుల పేరంతా పసరు కొట్టేసింది. తిరిగి వచ్చినప్పుడు నడుము కింద పట్టు పోయింది. పసరు పోసినవాడు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. నాకు పసర్లు చెప్పే బంధువులందరికీ ఈ కథ చెబుతున్నాను. వాళ్ళు వినరు, అది వేరే సంగతి.

ఇక వైకల్య సర్టిఫికెట్టు. మా బడిలో నా తరగతి రెండో అంతస్తులో. దాన్ని కిందికి మార్చాలన్నా, ఎన్నికల విధుల నుంచి మినహాయింపు కావాలన్నా కాగితం చూపించమన్నారు. 1995 నాటి చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒకటి చేశారు, అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు పెట్టి మరీ రాశారు. వైకల్యం 40 శాతం ఉంటే చాలు. చట్టంలో ఉంది కదా అని ధీమాగా మీసేవలో సదరం శిబిరానికి, అంటే డాక్టర్లు చూసి వైకల్య శాతం తేల్చే చోటికి, స్లాట్ తీసుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది.

2023 సెప్టెంబరు. ముందు రోజు రాత్రి మా అమ్మ ఫోను చేసి, "పెద్ద డాక్టర్ల ముందుకు వెళ్తున్నావు, మంచి చీర కట్టుకో" అంది. ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర కట్టి, తలలో కనకాంబరాలు కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఏడున్నరకే వెళ్ళాం. అప్పటికే ఆవరణ నిండిపోయింది. చేతుల మీద పాకుతూ వచ్చినవాళ్ళు, తల్లుల భుజాల మీద పదేళ్ళ పిల్లలు. వాళ్ళ మధ్య పూలు పెట్టుకుని నిలబడ్డాను. ముందున్న పెద్దాయన మర్యాదగానే, "టీచరమ్మా, ఎవరిని తీసుకొచ్చారు?" అని అడిగాడు. నాకేనన్నాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీకేమైంది తల్లీ?" నరాల జబ్బు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వెనక నుంచి ఒకావిడ అంది, "ఉద్యోగాలున్నవాళ్ళకు కూడా మా కాగితాలే కావాలి." తిరిగి చూడలేదు. ఆవిడ ఒళ్ళో ఉన్న పిల్ల ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది.

పదకొండు గంటలకు లైను సగానికి వచ్చింది. అప్పుడు మూత్రం వచ్చింది. మరుగుదొడ్డికి తాళం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. మా ఆయన పరుగెత్తారు. ఆయన తిరిగి వచ్చేసరికి ఆలస్యం అయిపోయింది. కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నా ముఖం చూశారు, చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తీసి నా చీర మీద మొత్తం పోసేసి, అందరికీ వినపడేలా, "అయ్యో, చూసుకోలేదు, నీళ్ళు ఒలికిపోయాయి" అన్నారు. పెళ్ళయిన పదిహేడేళ్ళలో ఆయన అంత చక్కగా అబద్ధం ఆడడం అదే మొదలు.

లోపల ఎవరైనా చూడాల్సిన రుజువు అదొక్కటే. దాన్ని నీళ్ళతో కప్పేసి, జడ సరిచేసుకుని లోపలికి వెళ్ళాను.

ఎముకల డాక్టరు ముందు కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటే కుర్చీ లేదు, నిలబెట్టారు. బల్ల మీద ఆయన పేరుపలక, పేరు పక్కన ఎంఎస్ అని డిగ్రీ ఉంది. నాకూ అదే ఉంది సార్ అనబోయి ఊరుకున్నాను. "నడవండి" అన్నారు. గది ఆ చివర నుంచి ఈ చివరకు ఎనిమిది అడుగులు. ఎనిమిది అడుగులు నేను ఎప్పుడైనా నడుస్తాను. "బాగానే నడుస్తున్నారు కదమ్మా. ఎక్స్‌రే ఏది?" ఎంఆర్ఐ ఫిల్ము ఇచ్చాను. కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇది తలది. కాలిది లేదా?" అన్నారు. నరాల జబ్బుకు కాలి ఎక్స్‌రే ఏమిటని అడిగాను. అడిగాననుకున్నాను, గొంతు పైకి రాలేదు. "నరాల డాక్టరు మాకు లేరమ్మా, ఉన్నదాంట్లో చూడాలి." కంప్యూటర్ ముందు ఉన్న అబ్బాయి, "సార్, దీన్ని ఎందులో వేయాలి? చెయ్యా, కాలా?" అన్నాడు. "కాలు వెయ్యి."

కాలు వేశారు. 20 శాతం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ఆ రోజు ఎంతమందిని చూశారో నాకు తెలుసు, లైనులో నేనూ ఉన్నాను. అయినా ఆ "కాలు వెయ్యి" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. బయట తడి చీర ఎండలో ఆరిపోయింది. ఇంటికి వెళ్ళి దాన్ని మూడుసార్లు ఉతికాను.

20 శాతానికి మినహాయింపు లేదన్నారు. నవంబరు 30 పోలింగుకు పోక తప్పలేదు. ఓటింగు యంత్రాలు తిరిగి అప్పజెప్పే చోట రాత్రి నా అడుగులు తడబడుతుంటే పక్క బూత్ ఉద్యోగి, "మేడం, మందు వేసుకున్నారా?" అని నవ్వాడు. వేసుకున్నాను బాబూ, ఫ్రిజ్‌లో పెట్టుకునే మందు అన్నాను. మర్నాటికి ఎడమ కాలు మొద్దుబారింది. డిసెంబరులో మళ్ళీ మూడు రోజులు స్టెరాయిడ్.

జనవరి ఆదివారం బృందంలో ఇదంతా చెప్పాను, నీళ్ళ సీసా సంగతితో సహా. ఎవరూ అయ్యో అనలేదు. ముగ్గురు తమ తమ చీర, ప్యాంటు కథలు చెప్పారు. మాస్టారిది పెళ్ళి పందిట్లో జరిగింది. మేము బ్యాంకు అక్క అని పిలిచే ఆవిడ ఒకరున్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, చక్రాల కుర్చీలో వస్తారు. ఆవిడ మాత్రం, "ఊరంతటి దగ్గర దాచినట్టే మెడికల్ బోర్డు దగ్గర కూడా దాచి వచ్చావు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?" అన్నారు. ఒళ్ళు మండింది. బస్సులో ఇంటికి వచ్చేదాకా మండుతూనే ఉంది.

చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చని చూపించింది కూడా ఆవిడే. వినేవాళ్ళ కోసం చెబుతున్నాను: న్యూరాలజిస్టు దగ్గర "ఈమెకు ఎంఎస్" అనే ఉత్తరం తీసుకుంటే దానికి విలువ లేదు. ఎంఎస్ వల్ల ఎంత వైకల్యం వచ్చిందో చెప్పే ఈడీఎస్ఎస్ స్కోరు వేయించుకోండి. సున్నా నుంచి పది వరకు ఉంటుంది. ఆగకుండా, ఆసరా లేకుండా ఎన్ని మీటర్లు నడవగలరన్నది అందులో ముఖ్యం. నాది 4.5, అంటే సుమారు 300 మీటర్లు. ఆ మీటర్లు ఉత్తరంలో రాయించండి. చెడ్డ రోజులు తేదీలు వేసి నోటుపుస్తకంలో రాసుకోండి. చట్టంలో ఎంఎస్ పేరున్న పేజీ అచ్చు తీసి పైన పెట్టండి. ఇవన్నీ చేస్తే పని అవుతుందని కాదు. "ఎందులో వేయాలి" అని అడిగే అవకాశం ఇవ్వకుండా ఉంటుంది.

ఏప్రిల్లో ఇంకో పెద్ద ఆసుపత్రికి పిలిచారు. బ్యాంకు అక్క కూడా వచ్చారు. నా ఆటోను గేటు దగ్గరే ఆపించి, "ఇక్కడి నుంచి నడిచి రా" అన్నారు. మధ్యాహ్నం రెండు గంటలు. ఇది మోసం కాదా అని అడిగాను. "రోజూ రెండో అంతస్తు ఎక్కి క్లాసులోకి ఎలా వెళ్తావో అలా వెళ్ళమంటున్నాను" అన్నారు. గుమ్మం చేరేసరికి చెప్పు ఒకటి కాలినుంచి జారి వెనక ఉండిపోయింది. అది ఊడినట్టు కూడా నాకు తెలియలేదు.

అక్కడ న్యూరాలజిస్టు ఉన్నారు. మోకాళ్ళ మీద సుత్తితో కొట్టారు, కళ్ళు మూయించి నిలబెట్టారు, పడిపోబోతే పట్టుకున్నారు. తర్వాత తల వంచుకునే, "మూత్రం ఆపుకోగలుగుతున్నారా?" అని అడిగారు. "లేదు సార్. పోయిన సెప్టెంబరులో శిబిరం లైనులోనే చీర తడిసింది" అన్నాను. మా ఆయన వెనక నిలబడి ఉన్నారు, నేలచూపులు చూస్తున్నారు. డాక్టరు ఆ మాట రాసుకున్నారు. 50 శాతం ఇచ్చారు, ఐదేళ్ళ గడువుతో. మే 13న పోలింగుకు నేను ఓటరుగా వెళ్ళాను, ఉదయం ఏడింటికే. తరగతి మాత్రం ఇంకా రెండో అంతస్తులోనే ఉంది. సెలవుల తర్వాత చూద్దాం అన్నారు హెడ్‌మాస్టరు. చూస్తాను నేను కూడా.

మొన్న ఆదివారం కార్డు తీసుకెళ్ళాను. చేతులు మారి అందరి దగ్గరికీ వెళ్ళింది. "ఈ ఫోటోలో మరీ ఆరోగ్యంగా ఉన్నావు, కండక్టరు నమ్మడు" అన్నారు మాస్టారు. కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై నాలుగేళ్ళు. అమెరికాలో ఎంఎస్ చదవడానికి దరఖాస్తులు పెడుతుంటే ఈ ఎంఎస్ వచ్చిందట. ఆ మాట ఆ పిల్లే చెప్పి తనే నవ్వింది. వచ్చే నెల శిబిరానికి స్లాట్ దొరికిందట. "అక్కా, ఏం డ్రెస్ వేసుకుని వెళ్ళాలి?" అని నన్ను అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

బ్యాంకు అక్క తన కుర్చీ ఇటు తిప్పుకుని, "డ్రెస్ సంగతి తర్వాత. వెళ్ళగానే తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కో" అన్నారు.