రెండు చుక్కల మధ్య ఐదు నిమిషాలు

కిందటి నెల మా అత్తయ్యకి కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు రకాల చుక్కల మందు రాసిచ్చారు. మొదటి వారం ఒకటి రోజుకి ఆరుసార్లు, రెండోది నాలుగుసార్లు. ఒకటి వేసిన వెంటనే రెండోది వేస్తే మొదటిది కొట్టుకుపోతుందట, మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. పగలు ఇంట్లో ఉండేది నేనే. నేను ఆఫీసుకెళ్లే బుధవారాలు మాత్రం మా ఆడపడుచు వచ్చి చూసుకుంది.

మా ఇల్లు వనస్థలిపురంలో, ఆఫీసు గచ్చిబౌలిలో. ఊరికి ఇది ఈ చివర, అది ఆ చివర. ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో, మెట్రో రెడ్ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ ఎస్కలేటర్ దగ్గర జనాన్ని తోసుకుంటూ బ్లూ లైన్‌కి మారి రాయదుర్గం, మళ్లీ ఆటో. గంటా ముప్పావు. వాన పడితే ఆ చివరి ఆటో దొరకడమే గగనం. 2019 చివర్లో రాయదుర్గం దాకా మెట్రో వచ్చినప్పుడు నా కష్టం తీరిందనుకున్నాను. నాలుగు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది. అసలు ఆ ప్రయాణమే లేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

తర్వాత మళ్లీ ఐదు రోజులూ రమ్మన్నారు. అడగ్గా అడగ్గా పోయినేడాది నుంచి నాలుగు రోజులు ఇంటి నుంచి చేయనిచ్చారు. అంటే వారానికి పద్నాలుగు గంటలు నా చేతికొచ్చాయి. నాది టెస్టింగ్ పని. అలసిన కళ్లకి తప్పులు దొరకవు. ఇప్పుడు తొమ్మిదింటికి తేటగా ఉన్న బుర్రతో కూర్చుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి మాత్రం ఆఫీసు కావాలి. పక్కన కూర్చుని నేర్చుకునేది ఫోనులో రాదు. అందుకే బుధవారం మానను.

పదకొండింటి కాల్ అవగానే సబ్బుతో చేతులు కడుక్కుంటాను. అత్తయ్య తల వెనక్కి వాలుస్తారు. కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క. ఇక ఐదు నిమిషాలు ఆవిడ కళ్లు మూసుకునే కబుర్లు చెప్తారు. పెళ్లయి పన్నెండేళ్లయినా నేనెప్పుడూ వినని కబుర్లవి. సూర్యాపేటలో వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టు, బెల్లం పొట్లాలు కట్టే పాత పేపర్లు. ఆ పేపర్ల మీదే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారట. ఆవిడని బడికి పంపింది రెండేళ్లేనని నాకు మొన్నటిదాకా తెలియదు. ఫోనులో అలారం మోగితే రెండో చుక్క వేసి నా బల్ల దగ్గరికి వచ్చేదాన్ని.

ఇప్పుడు చుక్కలు పొద్దునా రాత్రీ మాత్రమే. పదకొండింటికి మందు లేదు. అయినా కాల్ అవగానే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంటున్నాను. కొట్టు కథ ఎక్కడ ఆగిందో నిన్న ఆవిడే గుర్తుచేశారు.