ఓడ దొరికినంత మాత్రాన

"దేవుడు తలుపు తెరిచాడన్నా" అనే మాట మా చిత్తూరు చర్చిల్లో ఎంత సులువుగా వచ్చేస్తుందంటే, ఇంటర్వ్యూకి పిలిచినా తెరిచాడే, వీసా వచ్చినా తెరిచాడే, రాకపోతే మూసేశాడు. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. యోనా గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. దేవుడు నీనెవెకు పొమ్మంటే యోనా ప్రవక్త తప్పించుకుందామని యొప్పే రేవుకు పోయాడు, అక్కడ సరిగ్గా తర్షీషుకు పోయే ఓడే దొరికింది, చార్జీకి డబ్బులు కూడా ఉన్నాయి. మన యూత్ మీటింగ్‌లో అయితే దానికి సాక్ష్యం చెప్పించి చప్పట్లు కొట్టించేవాళ్ళం! అపొస్తలుడైన పౌలుకు త్రోయ పట్టణంలో సువార్త కోసం నిజంగానే తలుపు తెరిచి ఉంది, కొరింథీయులకు రెండో పత్రికలో ఆ మాట ఆయనే రాశాడు, అయినా తన తోటి పనివాడు తీతు కనబడలేదని మనసు నిలవక మాసిదోనియకు వెళ్ళిపోయాడు.

ఇంకొకటి, "ప్రార్థన చేశాను, సమాధానంగా ఉంది", అంటే మనసు నెమ్మదిగా ఉందని. మంచిదే. కానీ సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువైన యేసు చెమట రక్తపు బిందువుల్లా కారిందని లూకా రాశాడు, అప్పుడు ఆయన తండ్రి చిత్తంలోనే ఉన్నాడు కదా. మనం ముందే ఇష్టపడిన సంబంధం కుదిరితే ఎవరికైనా సమాధానంగానే ఉంటుంది.

కొత్త ఏడాదికి దేవుని మాట అని డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసే వాగ్దానపు కార్డు, అంటే బైబిలు వచనం రాసిన చీటీ గురించి మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్తాను. దాన్ని బైబిల్లో పెట్టుకుని ఏడాదంతా ధైర్యం తెచ్చుకోవడం వేరు, శ్రీసిటీలో ఉద్యోగమా బెంగళూరా అని దాంతో తేల్చుకోవడం వేరు. ఆదికాండం 28:15 వచ్చిందనుకోండి. "నీవు వెళ్లు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుచు" వరకు చదివి అబ్బాయి బెంగళూరుకు బ్యాగు సర్దుకుంటాడు, "ఈ దేశమునకు నిన్ను మరల రప్పించెదను" అన్న ముక్క పట్టుకుని వాళ్ళమ్మ ఇక్కడే ఉండమంటుంది. ఆ మాట దేవుడు యాకోబుతో అన్నాడన్న సంగతి ఇద్దరికీ పట్టదు.

యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి శిష్యులు చీట్లు వేశారు, నిజమే. అది పెంతెకొస్తు రోజున పరిశుద్ధాత్మ వాళ్ళ మీదికి రాకముందు. అపొస్తలుల కార్యములు 15కి వచ్చేసరికి, యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా వద్దా అన్నంత పెద్ద విషయంలో కూడా చీట్లు లేవు. కూర్చుని గట్టిగా వాదించుకున్నారు, పేతురు చెప్పింది విన్నారు, బర్నబా, పౌలు చెప్పింది విన్నారు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు (ఇందాకటి యాకోబు కాదు) ప్రవక్తల మాట ఎత్తి చూపించాడు, చివరికి "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరం రాశారు. "మాకును" అనడానికి వాళ్ళు భయపడలేదు, మనం భయపడతాం, రేపు ఏదైనా తేడా వస్తే దేవుడే చెప్పాడని తప్పించుకోవచ్చని.

మనం జబ్బు చేస్తే బస్సెక్కి పోయే వేలూరు సీఎంసీ ఆసుపత్రి సంగతే చూడండి. దాన్ని మొదలుపెట్టిన, అమెరికా మిషనరీల కూతురు ఐడా స్కడర్‌కు మిషనరీ కావాలనే లేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి, కాన్పు కష్టమైన మా ఇంటావిడను చూడమని ఆమెనే అడిగారు, ఆమె నాన్న డాక్టరే అయినా, మగ డాక్టరు వద్దని వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆ చావులే ఆమెకు పిలుపు. తర్వాత కూర్చుని డాక్టరు చదువు చదివింది, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది.

అందుకే నన్ను అడిగే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు సూచనలు వెతకమని చెప్పను. ఆ పనిలో అబద్ధం ఆడాల్సి వస్తుందా, ఇంట్లో అప్పు ఎంత ఉంది, అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటారు, అక్కడ సంఘానికి పోయే తీరిక ఉంటుందా అని అడుగుతాను. పెద్దల సలహా తీసుకోమంటే, ముందే సరే అంటారని తెలిసిన మామ దగ్గరికి పోవడం కాదు. ఇవన్నీ చూశాక కూడా రెండూ మంచివిగానే కనబడితే, నీకు ఏది ఇష్టమో అది చెయ్యి నాయనా.