ఉప్పుటేటి బురదలో చమురు తినే జీవుల లెక్క

కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరులో పాటు దిగిన వేళ, మోటారు పడవలు కట్టే చోట బురదను గరిటెతో పెకలిస్తే పైన పలుచటి గోధుమరంగు పొర, దాని కింద కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే నల్లటి బురద కనిపిస్తాయి. గుంటలో ఊరిన నీటిమీద డీజిలు తెట్టు రంగురంగులుగా తేలుతుంది. ఈ చమురును తిని బతికే సూక్ష్మజీవులు గ్రాము బురదలో ఎన్ని ఉన్నాయని అడిగితే వచ్చే జవాబు మనం ఎంచుకున్న పద్ధతిని బట్టి మారిపోతుంది. అందుకే పద్ధతి పేరు పక్కన లేని సంఖ్యను నేను నమ్మను.

మొదట్లో డీజిలు కలిపిన అగర్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) ప్లేట్ల మీద మొలిచిన ప్రతి కాలనీనీ, అంటే చుక్కలా కనిపించే జీవుల గుంపునూ, చమురు తినేదిగానే లెక్కవేశాను. ఒకసారి డీజిలు వేయని ప్లేట్లను కూడా పక్కన పెట్టి చూస్తే, వాటి మీదా దాదాపు అన్నే చిన్న కాలనీలు లేచాయి. అగర్‌లో మిగిలిపోయే కొద్దిపాటి సేంద్రియ మలినాలే వాటికి చాలు. అప్పటిదాకా రాసుకున్న లెక్కలన్నీ కొట్టివేయవలసి వచ్చినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు అగర్ లేని ద్రవంలో, ఎం.పి.ఎన్. అనే అత్యంత సంభావ్య సంఖ్య పద్ధతిలో, అంటే ఎంత పలచబరిచాక ఎన్నింటిలో పెరుగుదల కనిపించిందో చూసి సంఖ్యను అంచనా వేసే పద్ధతిలో లెక్కిస్తున్నాను. 1941 నాటి బుష్నెల్–హాస్ ద్రావణంలో లవణాలే ఉంటాయి, కర్బనం ఉండదు; కనుక వేసిన చమురే జీవులకు తిండి. మన ఉప్పుటేటి బురదకైతే ఆ నీటికి తగినంత ఉప్పును కూడా కలపాలి. బురదను పదేసి రెట్లు పలచబరుస్తూ 24 గుంటల ప్లేటులో పోసి, ఒక్కొక్క గుంటలో సూక్ష్మజీవులు లేని ముడిచమురు చుక్కను వేస్తే అది అద్దంలా పరుచుకుంటుంది. రెండు మూడు వారాల తరువాత ప్లేటును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే, కొన్ని గుంటల్లో తెట్టు ముక్కలై నీటిలో చెదిరిపోయి, కొన్నింటిలో మొదటి రోజులాగే నిలిచి కనిపిస్తుంది. 1990లో బ్రౌన్, బ్రాడాక్ ప్రకటించిన ఈ పద్ధతి చాలా చవక. అయితే చమురును చెదరగొట్టకుండానే తినే జీవులు దీనికి చిక్కవు. 1996లో రెన్, వెనోసా వివరించిన 96 గుంటల పద్ధతిలో హెక్సాడెకేన్ అనే గొలుసు హైడ్రోకార్బన్‌ను తినేవి అయోడోనైట్రోటెట్రజోలియం అనే రసాయనాన్ని ఎరుపుగా మార్చి బయటపడతాయి. ఫినాంత్రీన్ వంటి వలయ హైడ్రోకార్బన్లను తినేవి తమ గుంటలను పసుపుగానో గోధుమరంగుగానో మారుస్తాయి. డీజిలులో రెండు రకాలూ ఉంటాయి కనుక విడివిడిగా లెక్కించడమే సరైనదని నా అభిప్రాయం.

ఎం.పి.ఎన్. సంఖ్య ఒక అంచనా మాత్రమే. 0.1, 0.01, 0.001 గ్రాముల చొప్పున మూడేసి గొట్టాల్లో వేసినప్పుడు వరుసగా 3, 1, 0 గొట్టాల్లో పెరుగుదల కనిపిస్తే ఎం.పి.ఎన్. పట్టిక గ్రాముకు 43 అని చెబుతుంది. కాని 95 శాతం నమ్మకంతో చెప్పగల హద్దులు 9 నుంచి 180 దాకా ఉంటాయి. ఆ హద్దులను వదిలేసి 43 అని మాత్రమే రాయడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. పైగా గాలి తగిలే ప్లేటులో పెంచాం కనుక, ఆ నల్లటి పొరలో ఆక్సిజన్ లేకుండా పనిచేసే జీవులు ఈ లెక్కలోకి రావు.

వచ్చే అమావాస్యకు కోరింగ మడ అడవిలో పడవలు తిరగని ఒక పాయ నుంచి, ఈ ఉప్పుటేరు నుంచి ఒకే రోజు, ఒకే పాటులో బురద తీసి, మంచు మీద తెచ్చి, రెండింటిలోనూ మొత్తం జీవులనూ చమురు తినేవాటినీ పక్కపక్కనే లెక్కించబోతున్నాను. చమురు వేయని గుంటల వరుస ప్రతి ప్లేటులోనూ ఉంటుంది.