సోమవారం, 88వ కీర్తన

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేసరికి నాయన అప్పటికే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సోమవారం, గురువారం ఆయనకు డయాలిసిస్, పనిచేయని మూత్రపిండాల బదులు యంత్రంతో రక్తం శుభ్రం చేయించడం. ఏడు నెలలుగా మా ఇంట్లో వారానికి ఈ రెండు రోజులే ఉన్నాయి. ఆదివారం వాటి మధ్య ఎక్కడో ఇరుక్కుపోయింది.

బయలుదేరే ముందు తూకం చూశాం. గురువారం నుంచి రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు పెరిగాడు. అదంతా నీళ్లే. రోజుకు లీటరు దాటకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన తాగే ప్రతి గుక్కనూ ఒక పుస్తకంలో రాస్తున్నాను.

"నిన్న చర్చిలో ప్రభువు బల్లలో తీసుకున్న ద్రాక్షరసం కూడా రాశావా తల్లీ?"

"రాశాను."

"సరే. దేవుడి లెక్క దేవుడిది, నీ లెక్క నీది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బస్సు నల్లగొండ చేరేసరికి లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఎండ పడింది. ఆసుపత్రి గేటు పక్కన పండ్లరసం బండి ఉంటుంది. నాయన వచ్చిన ప్రతిసారీ అక్కడ ఆగుతాడు. ఒక బత్తాయిని చేతిలోకి తీసుకుని, తొక్కను గోటితో గీరి వాసన చూస్తాడు. ఈ రోజు కూడా చూసి, "వారం ముందే కోసేశారు" అన్నాడు. బండి అబ్బాయికి ఇది అలవాటైపోయింది, గ్లాసు ఇవ్వనా అని అడగడం మానేశాడు. బత్తాయిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లో అది బయటకు పోక పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అందుకే వద్దన్నవాటి జాబితాలో కొబ్బరినీళ్లు, అరటిపండుతో పాటు బత్తాయి కూడా ఉంది. నాలుగు ఎకరాల బత్తాయి తోట పెంచి, బోర్లు ఎండిన ఏడాది అప్పు చేసి రెండు నెలలు ట్యాంకర్లతో చెట్లకు నీళ్లు పోసిన మనిషికి ఇప్పుడు తన తోట కాయ తనకే విషం. ఆ ఏడాది మూడో వంతు చెట్లు ఎలాగూ ఎండిపోయాయి. ఇది ఎవరితో చెప్పుకున్నా "దేవుని చిత్తం" అంటారు. ఆ మాట అనడం చాలా తేలిక, ముఖ్యంగా వేరే వాళ్ల తోట గురించి.

ఏడున్నరకు సూదులు పెట్టారు. చేతిలో ఫిస్టులా చేసిన చోట, అంటే సూదుల కోసం రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోట, వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారుతూ తగులుతుంది. లోపలికి పంపే ముందు అక్కడ చెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటు. ఆ చప్పుడు ఉంటే ఆ పూటకు ధైర్యం. ఆ తర్వాత నాలుగు గంటలు వరండాలో బల్ల మీద కూర్చోవడమే.

కిందటి నెల ఇంటికి వచ్చిన ఒక ప్రసంగీకుడి మాట ఇంకా మింగుడు పడలేదు. ఆయన మా సంఘం వాడు కాదు, ఎవరో తీసుకొచ్చారు. నూనె రాసి ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ "ఈ ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉంది, అందుకే స్వస్థత ఆగింది" అన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నాయన మాత్రం ఆయనను గుమ్మం దగ్గరే ఆపాడు. "అయ్యగారూ, 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చి నల్లగొండలో మిషన్ పెట్టిన ఫ్రీసెన్ దొర మెన్నోనైటు అనే క్రైస్తవ శాఖవాడు. ఆయన వచ్చిన ఆ ఊళ్లు తర్వాత అంతర్యుద్ధంలో దోపిడీకి గురయ్యాయి, 1921 కరువులో ఆకలితో అల్లాడాయి. మనకు సువార్త పంపిన వాళ్లకు కూడా విశ్వాసం చాలలేదంటారా?" ఆయన ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆయన వెతికిన అవిశ్వాసి ఆ గదిలోనే ఉంది. నేను నమ్మడం మానలేదు, అడగడం మానేశాను. అది నాయన జబ్బుతో మొదలైంది కూడా కాదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు మా సంఘంలో వారాల తరబడి ప్రార్థన చేశాం. వాళ్లు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. కృష్ణ నీళ్లు మా నల్లగొండ వైపు మళ్లించడానికి తవ్వుతున్న సొరంగం అది. మా పొలాల కోసం కొండ లోపలికి వెళ్లారు. నెల దాటినా దొరికింది ఇద్దరి దేహాలే. ఆ తర్వాతి ఆదివారం కృతజ్ఞతా స్తుతులు పాడుతుంటే నా నోరు పెగల్లేదు. అది ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు.

వరండాలో ఫోనులో బైబిలు తెరిచి ఈ మధ్య చదువుతున్నది ఒక్క 88వ కీర్తనే. మిగతా మొర కీర్తనల్లో చాలావాటిలో చివరికి ఎక్కడో ఒకచోట మలుపు వస్తుంది, "అయినను" అంటాడు, స్తుతిస్తాడు. ఇందులో అది లేదు. దేవుడిని పిలవడంతో మొదలై, పిలిచినవాడికి జవాబు రాకుండానే ముగుస్తుంది. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". తెలుగులోకి ఎవరు తెచ్చారో గాని, "బంధువర్గం" అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పెళ్లికి వచ్చినట్టు, చావుకు వచ్చినట్టు చీకటి సంచులు సర్దుకుని వచ్చి ఇంట్లో దిగిపోయింది. దీన్ని కీర్తనల్లోంచి తీసేయాలని ఇన్ని వందల ఏళ్లలో ఎవరికీ అనిపించకపోవడం నాకు ఆశ్చర్యం. మా స్త్రీల సమాజంలో ఎవరైనా ఇలా ప్రార్థిస్తే మధ్యలోనే "ఆమేన్" అని ఆపేస్తారు.

పెదవులు కదిపి చదువుతున్నట్టున్నాను. పక్కన కూర్చున్న పెద్దామె ఏమిటమ్మా అది అని అడిగింది. దేవరకొండ వైపు నుంచి వస్తుంది, భర్తకు రెండేళ్లుగా డయాలిసిస్, నుదుట రూపాయంత బొట్టు. చివరి వరుస చదివి వినిపించాను.

"ఇది దేవుడి పుస్తకంలోనే ఉందా?"

"ఉందమ్మా."

"మళ్లీ చదువు బిడ్డా."

చదివాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా ఆడబిడ్డలు కూడా రావడం మానేశారు" అంది. తర్వాత సంచిలోంచి మొక్కజొన్న కంకి తీసి విరిచి సగం నాకు ఇచ్చింది. ఏడు నెలల్లో దేవుడి గురించి నేను కడుపునిండా మాట్లాడింది ఆ పది నిమిషాలే.

నాయన బయటికి వచ్చేసరికి పన్నెండు. బీపీ పడిపోయింది, పిక్కలు పట్టేశాయి. కాసేపు కాళ్లు నొక్కి, రెండు గంటల బస్సుకు ఇంటికి వచ్చాం. మధ్యాహ్నమంతా పడుకున్నాడు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎప్పటిలాగే ఆయన జాబితా: పక్కింటి వాళ్ల కొత్త బోరు, చిన్నత్త మనవడి పరీక్షలు, సొరంగంలో పోయిన 8 మంది ఇళ్లు. వాళ్లను ఆయన ఇంతవరకు ఒక్క రోజు కూడా వదల్లేదు. తన మూత్రపిండాల మాట ఎత్తలేదు. ఈ రోజు మధ్యలో ఆగి, "నీవు కూడా ఒక మాట చెప్పు తల్లీ" అన్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. చివరికి "దేవరకొండ పెద్దమ్మ" అన్నాను, అంతే. అమ్మ, నాయన ఆమేన్ అన్నారు.

పడుకునే ముందు నాయన నీళ్లు అడిగాడు. పుస్తకం చూస్తే ఇంకా 60 మిల్లీలీటర్లు మిగిలి ఉన్నాయి. చిన్న గ్లాసులో పోసి ఇచ్చాను. నోట్లో పోసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, అప్పుడు మింగాడు. రాత్రి 9:10, 60 మి.లీ. అని రాసి దీపం ఆర్పాను.